చిరిగిన అక్షరాల కార్డులకు నా సంజాయిషీ

మా బడులకు ఆట వస్తువుల పెట్టెలు పంపే పెద్దలకు, ఆ పెట్టెల లెక్క చూడ్డానికి వచ్చే సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

నేను ఒకటి, రెండు తరగతులకు చెప్పే టీచర్ని. ఊరి పేరు రాయను, రాస్తే మీలో ఒకరికి ఇబ్బంది, నాకు రెండు ఇబ్బందులు. మదనపల్లెకి బస్సులో రెండు గంటల దూరం, చెనిక్కాయ, టమోటా పండే ఊరు అనుకోండి, చాలు. పోయిన నెల మా బడికి తనిఖీకి వచ్చిన సారు అక్షరాల కార్డుల డబ్బా తెరిపించి, ఒక్కొక్కటీ బల్ల మీద పరిచి లెక్కపెట్టి, మూడు తక్కువ ఉన్నాయనీ, పదకొండు చిరిగాయనీ, రెండింటి మీద ఏదో జిగురు అంటుకుందనీ (అది మధ్యాహ్నం భోజనంలో ఇచ్చే చిక్కీ బెల్లం సార్) నోటు రాసి కింద నా సంతకం తీసుకున్నారు. ముందు రోజు తాను చూసొచ్చిన బడిలో పెట్టెకు ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా ఎంత జాగ్రత్తగా పెట్టుకున్నారో చెప్పి, వాళ్లను చూసి నేర్చుకోమన్నారు. సంజాయిషీ రాసివ్వమన్నారు. ఇదిగో రాస్తున్నా. కాకపోతే ఆయన ఒక్కరికే కాదు, మీ అందరికీ.

ఆ మూడు కార్డులు ఎటుపోయాయో ముందు చెప్పేస్తా. 'డ' కార్డును మేక తినేసింది. సాకు చెప్తున్నాననుకోకండి, మాకు రెండు తరగతులకు కలిపి ఒకటే గది, ఎండలు తగ్గాక చెట్టు కింద కూర్చుంటాం, చెట్టు కిందికి మేకలు కూడా వస్తాయి. 'ఊ' కార్డు ఒక పిల్లాడి చొక్కా జేబులో ఉండగానే చొక్కా ఉతుకులోకి పోయింది, ముద్దయి వచ్చింది. మూడోది 'చ'. దాని కథ కాస్త పొడుగు.

మేము బొమ్మల కార్డులన్నీ నేల మీద కుప్పగా పోసి, ఏ బొమ్మ పేరు ఏ శబ్దంతో మొదలవుతుందో చూసి ఆ అక్షరం దగ్గర పెట్టే ఆట ఒకటి ఆడతాం. జూన్‌లో బడికొచ్చినప్పటి నుంచీ నోరు విప్పని పిల్ల ఒకతి ఉంది. పేరు పిలిస్తే తలకాయ ఊపేది, అంతే. ఆ రోజు ఆ పిల్ల చేతికి వేరుశనగ కాయ బొమ్మ వచ్చింది. కార్డు వెనక పెద్దక్షరాల్లో 'వేరుశనగ' అని అచ్చయి ఉంది, కాబట్టి అది 'వ' దగ్గరికి పోవాలి. పిల్ల తీసుకెళ్లి 'చ' దగ్గర పెట్టింది. నేను "కాదమ్మా" అనబోయాను. అనే లోపే పక్కపిల్లాడు తప్పు తప్పు అని అరిచాడు. ఆ పిల్లకి ఎక్కడ లేని కోపమొచ్చి, చెప్పు, చెట్టు, చెనిక్కాయ అని మూడు బొమ్మలూ వేలితో కొట్టి మరీ చూపించింది. వాళ్లింట్లో దాన్ని వేరుశనగ అని ఎవరంటారు సార్? వాళ్ల నాన్న వేసేది చెనిక్కాయ, వాళ్లమ్మ ఒలిచేది చెనిక్కాయ. చెవికి వినపడిన మొదటి శబ్దాన్ని పట్టుకుని దానికి గుర్తు ఏదో వెతుక్కోవడమే కదా చదువుకి మొదటి మెట్టు, ఆ మెట్టు ఆ పిల్ల ఎక్కేసింది, కార్డు అచ్చేసినవాళ్లే కింద ఉండిపోయారు. మర్నాడు 'చ' కార్డు కనపడలేదు. వారం తర్వాత తెలిసింది, వాళ్ల అవ్వకి చూపిద్దామని ఇంటికి తీసుకుపోయిందట. అవ్వకి అక్షరం రాదు. ఆవిడ దాన్ని గూట్లో దేవుడి పటం పక్కన పెట్టింది. నేను వెనక్కి అడగలేదు, అడగను కూడా.

సంజాయిషీ అంటే నిజానికి ఇక్కడితో అయిపోవాలి. కానీ ఆ ప్లాస్టిక్ కవరు తీయని పెట్టె మాట నన్ను నిద్రపోనివ్వట్లేదు.

నేను చదువుకున్న ఊరిబడిలో హెడ్‌మాస్టరు గారి గదిలో ఒక ఇనప బీరువా ఉండేది. అందులో భూగోళం, పూసల చట్రం, కొన్ని చెక్క ముక్కలు, ఒక భూతద్దం. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అని మొదలుపెట్టి, ప్రతి బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, కొంత బోధన సామగ్రి ఉండాలన్నారు కదా, ఆ సామగ్రే అది అని నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. మేము దాన్ని ఆగస్టు పదిహేనుకి, జనవరి ఇరవై ఆరుకి చూసేవాళ్లం, బీరువా తలుపు తీసి జెండా బయటికి తీస్తారు కాబట్టి. ఆ భూగోళాన్ని ఒక్కసారి తిప్పాలని ఐదేళ్లు ఆశపడ్డాను. రిటైరయ్యేటప్పుడు అన్ని వస్తువులూ లెక్కకు సరిగ్గా అప్పజెప్పానని ఆయన గర్వంగా చెప్పుకున్నారు. ఆయన్ని తప్పు పట్టను. ఒక్కటి పోయినా జీతంలో కోస్తారన్న భయం ఆయనది, ఐదుగురు పిల్లల తండ్రి. ఆ భయాన్ని పెట్టింది ఎవరు?

ఆ తర్వాత చాలా వచ్చాయి. 2021 జూలై 5న నిపుణ్ భారత్ మొదలైంది, 2026-27 కల్లా మూడో తరగతి దాటే ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టుకున్నారు. 2023 ఫిబ్రవరి 20న జాదూయీ పిటారా, అంటే మాయపెట్టె, అని మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం బొమ్మలు, తోలుబొమ్మల్లాంటి చేతిబొమ్మలు, పజిళ్లు, కార్డులు, కథల పుస్తకాలు ఉన్న పెట్టెను కేంద్రం విడుదల చేసింది, 13 భారతీయ భాషల్లో. మంచి ఆలోచన, ఇందులో నాకు రెండో మాట లేదు. మాయపెట్టె అని పేరు పెట్టి ఒక ప్రభుత్వం పిల్లలకు పంపించడం మా చిన్నప్పుడు ఊహకి కూడా రాని సంగతి. కానీ బీరువా అదే, తాళం అదే, రిజిస్టరు అదే. పెట్టె మాయపెట్టె అయినంత మాత్రాన రిజిస్టరు మారదు కదా.

ఇంతకీ ఈ కార్డులు, గింజలు, చక్రాలు ఎందుకు చిరిగేదాకా, అరిగేదాకా వాడాలో మీకు చెప్పాలి, ఎందుకంటే "ఆటలెందుకమ్మా, అక్షరాలు దిద్దించు" అనేవాళ్లు మీలోనూ ఉన్నారు, మా ఊళ్లోనూ ఉన్నారు. మన తెలుగు లిపిని ఆరేళ్ల పిల్ల వైపు నుంచి ఒక్కసారి చూడండి. హల్లులు ముప్పై ఆరు, ఒక్కోదానికీ గుణింతంలో పన్నెండు రూపాలు వేసుకున్నా నాలుగు వందలు దాటుతాయి. ఆ పైన ఒత్తులు. పెద్దయ్యాక మనకి గుణింతం అంటే ఒక పద్ధతి అనిపిస్తుంది, గుడి పెడితే ఇ, కొమ్ము పెడితే ఉ, అంతే కదా అంటాం. పిల్లకి అది పద్ధతి అని తెలిసేదాకా నాలుగు వందల వేర్వేరు బొమ్మలే. పైగా పద్ధతి కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కొమ్ము 'కు'లో ఒక చోట అతుక్కుంటే 'పు', 'వు'లలో ఇంకో చోటి నుంచి వస్తుంది. 'మ'కీ 'య'కీ ముందే ఒక తోక ఉంటుంది, అది కొమ్మా కాదా అని పిల్లలు అడుగుతారు. అడిగితే నాకు సంతోషం, అడగని ఏళ్లే ఎక్కువ.

ఇంకో తమాషా ఉంది. ఒత్తుల్లో చాలా వరకు అక్షరానికి తలకట్టు తీసేస్తే వచ్చేవే. గ్గ, ద్ద, ప్ప, డ్డ చూడండి, పిల్లలు ఇట్టే పట్టేస్తారు. కానీ త, న, మ, య, ర, ల ఒత్తులు అలా ఉండవు, అసలు అక్షరంతో పోలికే ఉండదు. ఇప్పుడు పిల్లకి అన్నిటికంటే దగ్గరి మాటలు ఏమిటి? అమ్మ, నాన్న, అత్త, అన్నయ్య, చెల్లి, గొర్రె. చూశారా, అన్నీ ఆ మొండి ఒత్తులే! మొదటి రోజు 'అ' అంటే అమ్మ అని చెప్పి, ఆ అమ్మలోని 'మ' ఒత్తు సంగతి ఏడాది చివర్లో చెప్తాం. అప్పటిదాకా ఆ పిల్ల అమ్మని బొమ్మగా గుర్తుపడుతుంది, చదవదు.

అందుకే నేను ఒత్తులకు చుట్టాల ఆట పెట్టాను. ఊళ్లో ఏ పెళ్లయినా శుభలేఖలు దాచి నాకిమ్మంటాను. ఆ అట్ట గట్టిది, బంగారు రంగు అంచు ఉంటుంది, పిల్లలు దానికోసం కొట్టుకుంటారు. దాన్ని ముక్కలు చేసి అక్షరాలు ఒక వైపు, ఒత్తులు ఒక వైపు రాసి, నేల మీద బోర్లా పరుస్తాం. ఒకటి తిప్పి, దాని చుట్టాన్ని వెతకాలి. పోలిక ఉన్న చుట్టాలు, పోలిక లేని చుట్టాలు అని పిల్లలే పేర్లు పెట్టుకున్నారు. "మ వాళ్ల చుట్టం అస్సలు మ లాగా లేదు మేడమ్, మా పెద్దనాన్న మా నాన్నలాగా లేడు చూడు, అట్ల" అన్నాడొకడు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

గుణింతానికి చక్రం చేస్తాను. పెద్ద అట్ట చక్రం మీద హల్లులు, దాని మీద చిన్న చక్రం, చిన్నదానికి కిటికీ లాంటి కంత, కంత చుట్టూ గుడి, కొమ్ము, ఏత్వం, ఓత్వం. మధ్యలో మేకు కొట్టకుండా రెండు వైపులా చొక్కా గుండీలు పెట్టి దారంతో కుడతాను, చేతికి గుచ్చుకోదు, బాగా తిరుగుతుంది. తిప్పుతూ తిప్పుతూ ఒక రోజు పిల్లకి గుణింతం అంటే ఒకటే యంత్రం, హల్లు మారినా అదే తిరుగుడు అని తెలుస్తుంది. ఆ రోజు మొహం చూడాలి మీరు. అదే పిల్ల మూడు నెలలు కా కి కీ అని పాట పాడి కూడా, మధ్యలో 'తి' చూపిస్తే 'త తా తి' అని మొదటి నుంచి పాడుకుంటే తప్ప చెప్పలేకపోయింది. పాట నోటికి వచ్చింది, కంటికి రాలేదు.

చింతగింజలు అయితే బస్తాడు ఉన్నాయి మా దగ్గర. నేల మీద సుద్దతో పెద్ద అక్షరం రాస్తే దాని మీద గింజలు పేరుస్తారు, ఎటు నుంచి ఎటు రాయాలో ఆ వరసలోనే. చేతివేళ్లకి అలవాటయ్యాక పలక మీదికి వస్తాం. ఇది నేను కనిపెట్టిందేం కాదు. వీధిబడిలో ఇసుక పరిచి అందులో వేలితో దిద్దించేవాళ్లు, ఓం నమః తో మొదలుపెట్టేవాళ్లు కాబట్టే దాన్ని ఓనమాలు అన్నాం. మద్రాసులో అనాథ పిల్లల బడి చూసుకునే ఆండ్రూ బెల్ అనే ఆయన, ఇక్కడి బడిపిల్లలు ఇసుకలో రాసుకోవడం చూసి, తన బడిలో పెట్టి చూసి, 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం అచ్చేశాడు. ఆ పద్ధతికి ఇంగ్లండులో మద్రాసు పద్ధతి అని పేరే పడింది. మరియా మాంటిస్సోరి గరుకు కాగితం అక్షరాలను పిల్లల వేళ్లతో తడిమించింది. భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం పెట్టి, కొట్టకుండా తిట్టకుండా ఆటతో కథతో చదువు చెప్పి చూపించాడు. అంటే నూరేళ్ల కిందటి సంగతే, నేనిప్పుడు కొత్తగా అల్లరి చేయట్లేదు అని మనవి.

అన్నిటికంటే నాకు కడుపు మండే విషయం ఇంకోటి ఉంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల చిన్న బడుల కోసం కార్డులు, నిచ్చెన లాంటి పటం తయారు చేసింది, వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుని ఎవరి మెట్టు వాళ్లు ఎక్కేలా. అది మా దగ్గరే, మా భాషలోనే మొదలైంది. 1995లో కర్ణాటకలోని హెచ్.డి. కోటె తాలూకా టీచర్లు వచ్చి చూసి వెళ్లి నలి-కలి అని అలాంటి ఆటపాటల చదువే మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు అందుకున్నాయి, ఆ తర్వాత తమిళనాడంతా పాకింది. మన బావి నీళ్లు పక్కూళ్లు తోడుకుంటే మంచిదే, కానీ మనం బావి గట్టున కూర్చుని దాహం అంటున్నాం. ఆ కార్డులు పిల్లల చేతుల్లోకి పోయేవి, పిల్లలే తీసుకుని పిల్లలే వెనక్కి పెట్టేవి. టీచరు బీరువా తీసి ఇస్తే నడిచే పద్ధతి కాదు అది.

ఇప్పుడు మీరు పంపే సామగ్రి గురించి కొంచెం తిడతాను, కోపం తెచ్చుకోకండి. మా బడికి వచ్చిన ఒక అక్షరమాల సెట్టులో 'ఏ' కార్డు మీద ఏనుగు ఉంది. 'ఐ' కార్డు మీద ఐరావతం, అంటే మళ్లీ ఏనుగే, కాస్త తెల్లగా. ఒక పిల్లాడు రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసి "ఈ ఏనుగుకి రంగు వేయలేదు మేడమ్" అన్నాడు. 'ఔ' మీద ఔషధం, సీసా బొమ్మ. అందరూ టానిక్ అన్నారు. 'ఓ' మీద ఓడ, మా దగ్గర సముద్రం లేదు, దాన్ని పడవ అన్నారు, తీసుకెళ్లి 'ప' దగ్గర పెట్టారు. ఋషిని చూసి సామి అన్నారు. ఇందులో పిల్లల తప్పేముంది? అక్షరం గుర్తుపెట్టుకోవడానికి బొమ్మ ఇస్తాం, ఆ బొమ్మ పేరే తెలియకపోతే అక్షరంతో పాటు బొమ్మను కూడా నేర్పాలి, పని రెట్టింపు. ఇల్లు, ఉడుత, ఎలుక, కోడి, గంప, చీపురు చాలవా? ఐ, ఔ, ఋలకు బొమ్మ దొరక్కపోతే పెట్టకండి, కొంపేం మునగదు, చదువుతూ చదువుతూ అవే వస్తాయి. ఒక్క సెట్టు రాష్ట్రమంతటికీ వేసేటప్పుడు, దయచేసి కొన్ని ఖాళీ కార్డులు కూడా పెట్టండి. శ్రీకాకుళం పిల్ల ఒకటి రాసుకుంటుంది, మా పిల్ల చెనిక్కాయ రాసుకుంటుంది.

ప్లాస్టిక్ అక్షరాలు కూడా ఒకసారి వచ్చాయి. వారంలో తలకట్లన్నీ విరిగాయి. నవ్వొస్తుంది గానీ, అచ్చుబొమ్మలాగా పోత పోసిన ఆ తలకట్టు ఎంత సన్నమంటే పిల్ల పట్టుకోవడానికి కూడా రాదు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి మీద (కర్రను గిరగిరా తిప్పే యంత్రం) పట్టి, లక్కతో, చెట్ల రంగులతో బొమ్మలు చేస్తారు, పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదు. తరిణి మీద గుండ్రంగా తిరిగే వస్తువులే వస్తాయి కాబట్టి అక్షరాలు చేయించమనట్లేదు. గుణింతం బొంగరాలు, పక్కన పక్కన తిరిగే రెండు మూడు రింగులు అక్కడ చేయించొచ్చు కదా. కొండపల్లిలో, నిర్మల్‌లో పొణికి కర్రతో ఊరి మనుషులు, పశువులు చేస్తారు, కథ చెప్పడానికి వాటిని మించినవి లేవు. ఎక్కడి నుంచో టెండరు మీద వచ్చే ప్లాస్టిక్ కంటే ఇది ఖరీదెక్కువే అనుకుందాం, బడికి ఒక్క సెట్టు చాలు, పదేళ్లు ఉంటుంది.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి, లేకపోతే ఈ లేఖ ఏకపక్షం అవుతుంది. కొన్నేళ్ల కిందట ఆటల మోజులో పడి ఏడాదంతా ఆడించాను. గది నిండా రంగు కాగితాలు, తోరణాలు, చూసినవాళ్లు మెచ్చుకున్నారు, ఫొటోలు తీసుకుపోయారు. ఫిబ్రవరిలో ఒక చిన్న కథ చేతికిస్తే పాతిక మందిలో ఆరుగురు చదివారు. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. అప్పుడు తెలిసింది, ఆట ఏదైనా ఆ వారమే ఒక పేజీ చదవడంలోకి దిగాలి, దిగకపోతే అది ఉత్త ఆటే. ఇప్పుడు సోమవారం గింజలతో పేర్చిన అక్షరాలే శుక్రవారం కథలో వస్తాయి. కథ అంటే పెద్దదేం కాదు, నాలుగు వాక్యాలు, చాలాసార్లు పిల్లలు చెప్పినదే నేను చార్టు మీద రాస్తాను. "మేక డ తినింది." ఇది మా బడిలో అందరూ చదివిన మొదటి వాక్యం. ఆ కార్డు పోయిన రోజు రాశాం. ముగ్గురు పిల్లలు దాన్ని నోటుపుస్తకంలో ఎక్కించుకుని ఇంట్లో చదివి వినిపించారు. సార్, ఆ కార్డు డబ్బాలో ఉండి ఉంటే ఆ వాక్యం వచ్చేది కాదు.

వైకుంఠపాళి కూడా అలాగే. గళ్లలో అంకెల బదులు మాటలు రాస్తాం. గడిలో పడ్డవాడు ఆ మాట చదివితే ఉంటాడు, నిచ్చెన దగ్గరి మాట చదివితే ఎక్కుతాడు, పాము నోట్లో మాత్రం ఆ వారం అందరూ తడబడిన మాట రాస్తాను. మ, య కలిసిన మాటలు, ప, వ కలిసినవి. పాము కరవకూడదని పిల్లలు ఆ మాటల్ని ముందే ఇంటి దగ్గర నేర్చుకుని వస్తారు. నేను ఇంపొజిషన్ ఇస్తే రాసేవాళ్లా? బస్సాట ఇంకోటి. తాడు కట్టి బస్సు, ముందు బోర్డు మీద ఊరి పేరు, కండక్టరు టికెట్టు మీద ఒక మాట, చదివితేనే ఎక్కనిస్తాడు. మా కండక్టరు చాలా స్ట్రిక్టు, నన్ను కూడా ఒకసారి దింపేశాడు, టికెట్టు మీది మాట వాడే తప్పు రాశాడు లెండి.

పల్లె పిల్లల చదువు ఎలా ఉందో ఇంటింటికీ తిరిగి చూసే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దేశం మొత్తం మీద 23.4 శాతం. 2022లో అది 16.3 శాతమే, కరోనా దెబ్బ నుంచి లేచారన్నమాట. లేచినందుకు సంతోషం. అయినా నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నారని కూడా అదే లెక్క చెప్తోంది. మీరు నిమిషానికి ఎన్ని మాటలు చదువుతున్నారో గడియారం పెట్టి చూస్తారు, చూడండి, కాదనను. కానీ తెలుగులో 'వెళ్లిపోతున్నప్పుడు' కూడా ఒక్క మాటే అని గడియారానికి ఎవరైనా చెప్పండి.

ఇక అడగాల్సింది అడుగుతాను. చాక్‌పీసుల లెక్క ఏనాడైనా అడిగారా? అరిగిపోయాయి అంటే ఇంకో డబ్బా ఇచ్చారు, వాటిని వాడి పారేసే సరుకులో రాసుకుంటాం కాబట్టి. అక్షరాల కార్డుల్ని, కథల పుస్తకాల్ని, పజిళ్లని కూడా ఆ పేజీలో రాయనివ్వండి. ఈ ఒక్క మార్పుకి జీవో కావాలో, మెమో చాలో నాకు తెలియదు, మీకు తెలుసు. అది వచ్చిన మర్నాడు ఎన్ని బీరువాల తాళాలు తెరుచుకుంటాయో మీరే చూస్తారు. మా టీచర్లకి పిల్లలంటే ఇష్టం లేక కాదు, జీతంలోంచి రికవరీ అంటే టెన్షన్.

చుట్టుపక్కల బడుల టీచర్లమంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో పూట పూటంతా పీపీటీలు చూపించే బదులు కత్తెర, జిగురు, అట్టలు ఇవ్వండి. పది మంది టీచర్లు కూర్చుంటే మధ్యాహ్నానికల్లా పది బడులకి సరిపడా చక్రాలు అవుతాయి, చేస్తూ చేస్తూ మాట్లాడుకునే మాటల్లో ట్రైనింగు కూడా అయిపోతుంది. ఫొటో అప్‌లోడు చేయమనడం కాస్త తగ్గించండి. ఆట మంచి ఊపులో ఉండగా ఫోను తీస్తే పిల్లలందరూ కార్డులు వదిలేసి నవ్వుతూ నిలబడతారు, మళ్లీ కూర్చోబెట్టేసరికి బెల్లు. మీ దగ్గరున్న ఫొటోల్లో పిల్లలు ఎప్పుడూ కెమెరా వైపే చూస్తుంటారు, గమనించారా? చదివే పిల్ల తల కిందికి ఉంటుంది.

పెట్టె కవరు తీయని ఆ టీచరు మీద నాకు కోపం లేదు, ఆమె నాకు తెలుసు. ఆమె చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, పిల్లలకి పొడుపుకథలు చెప్పడంలో మా మండలంలోనే ఆమె తర్వాతే ఎవరైనా. మీరు మెచ్చుకున్నారని నాకు ఫోను చేసి చెప్పి, "తెరుద్దామనుకున్నానక్కా, ఇప్పుడింక ఎట్ల తెరిచేది" అంది. ఆమె బడికి వెళ్లి ఆ కవరు మీరే మీ చేత్తో చింపి రావాలి సార్, వేరే ఎవరు చెప్పినా ఆమె తీయదు.

నా సంగతికొస్తే, తగ్గిన మూడు కార్డుల్లో రెండింటిని శుభలేఖ అట్ట మీద రాసి డబ్బాలో పెట్టేశాను. 'డ' వెనక ఒక పిల్లాడు మేక బొమ్మ వేశాడు, తుడపలేదు. 'చ' కూడా రాద్దామనుకుంటే ఆ పిల్ల తానే రాస్తానంది. రాసింది, వెనక చెనిక్కాయ బొమ్మ వేసి కింద పేరు కూడా రాసింది, 'క' కింద ఒత్తు మర్చిపోయింది. వచ్చే వారం ఒత్తుల ఆటలో తానే దిద్దుకుంటుంది, నేను చెప్పలేదు. ఈ మూడింటినీ రిజిస్టరులో ఎట్లా ఎక్కించాలో మాత్రం మీరు రాతపూర్వకంగా తెలియజేయగలరు.

మళ్లీ వస్తామన్నారు. వీలైతే మంగళవారం రండి, ఆ రోజు వైకుంఠపాళి. కుర్చీ ఒకటే ఉంది, దానికి కాలు సరిగా లేదు, చాప మీద కూర్చోవాల్సి ఉంటుంది. పాము నోట్లో మీకోసం ఒక మాట రాసి పెడతామని పిల్లలు చెప్పమన్నారు.

ఇట్లు
ఒకటి, రెండు తరగతుల టీచరు